పిలిస్తే పలికే కొండదళం

నిండు నూరేళ్లు వర్ధిల్లమని దీవిద్దామంటే ఆ నూరేళ్లూ 2009లోనే నిండిపోయాయి. అందుకే ఈ అక్టోబరు 29న మరో నూరేళ్లు చల్లగా ఉండమని దీవిద్దాం. పుట్టినరోజు టోప్ర్‌ది, అంటే పోలండ్‌లోని టట్రా పర్వతాల స్వచ్ఛంద రక్షణ దళానిది. 1909లో పుట్టింది. ఇల్లు జకోపానే పట్టణం.

పుట్టుక వెనక ఒక చావు ఉంది. ఆ ఏడాది ఫిబ్రవరి 8న స్వరకర్త మియెచిస్వావ్ కర్వోవిచ్ మంచు మీద ఒంటరిగా స్కీయింగ్‌కు వెళ్లి మంచుచరియ విరిగిపడి చనిపోయాడు. వయసు 32. కొండల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడేందుకు ఒక దళం ఉండాలని మారియుష్ జరుస్కితో కలిసి అంతకుముందు నుంచే అడుగుతున్న మనిషి ఆయన. బతికుండగా కదలనిది ఆయన పోయాక కదిలింది.

జరుస్కి రాసిన ప్రమాణం ఇప్పటికీ ఈ దళానికి ప్రాణం. ఒంట్లో ఆరోగ్యం ఉన్నంతకాలం, పిలుపు వచ్చిన ప్రతిసారీ, రాత్రనక పగలనక, వాననక మంచనక బయలుదేరతానని, నాయకుడు చెప్పిన దారిలోనే నడుస్తానని ఆ నాయకుడి చేతిలో చెయ్యేసి చెబుతారు. తప్పిపోయినవాడు ఎవరు, తప్పు ఎవరిది అన్న ప్రశ్న అందులో ఎక్కడా లేదు. నాకు నచ్చింది అదే.

1910 ఆగస్టులో ఆ ప్రమాణానికి పరీక్ష వచ్చింది. మావీ యవరోవీ శిఖరం ఉత్తరపు గోడ మీద ఒక యువకుడు గాయాలతో పడి ఉన్నాడు. వాతావరణం భయంకరంగా ఉంది. వెనక్కి మళ్లుదామన్నాడు దళనాయకుడు జరుస్కి. అరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న క్లిమెక్ బహ్లెదా, ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన గైడు, ఆగలేదు. ఒక్కడే పైకి సాగి రాళ్లు పడి చనిపోయాడు. ఆ యువకుడూ దక్కలేదు. క్లిమెక్‌ను నేటికీ వీరుడిగా తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. కానీ నన్నడిగితే సగం దండ జరుస్కి మెడలో వెయ్యాలి. మిగతావాళ్లను ఇంటికి చేర్చడం కూడా కాపాడటమే కదా!

ఆ ప్రమాణానికి మరో పరీక్ష కావాలంటే 2019 ఆగస్టు చూడండి. వ్యెల్కా ష్నియెజ్నా గుహలో ఇద్దరు చిక్కుకున్నారు. మనిషి పట్టని సందులను చిన్న చిన్న పేలుళ్లతో వెడల్పు చేసుకుంటూ రక్షకులు లోపలికి సాగుతున్నారు. సరిగ్గా ఆ పని మధ్యలో, 22వ తేదీన, గ్యెవోంట్ శిఖరం మీద పిడుగులు పడ్డాయి. పైన ఇనుప శిలువ, ఎక్కే దారిలో పట్టుకోవడానికి ఇనుప గొలుసులు, నిండా సెలవుల జనం. ఆ తుఫానులో పోలండ్ వైపు నలుగురు చనిపోయారు, వారిలో ఇద్దరు పిల్లలు. గాయపడినవాళ్లు 150 మందికి పైనే. ఒక కాలు గుహలో, ఒక కాలు శిఖరం మీద అన్నట్టు పనిచేసింది దళం. గుహలో ఉన్న ఇద్దరూ బతికి రాలేదు.

దళంలో జీతానికి పనిచేసేవారు కొందరే. మిగతావాళ్లు సొంత పనులు చేసుకుంటూ, జీతం లేకుండా డ్యూటీ చేసే వాలంటీర్లు. కాపాడినందుకు ఎవరికీ బిల్లు పంపరు. అదే కొండకు అవతల, స్లొవేకియా వైపు పడితే ఖర్చు మీరే కట్టుకోవాలి! పోలండ్ వైపు టట్రా జాతీయ పార్కు టిక్కెట్ల ఆదాయంలో 15 శాతం రక్షణ పనులకు వెళుతుంది. చెప్పుల్లోనే శిఖరానికి బయలుదేరే వీరులకూ ఆ సేవ ఉచితమే.

1994లో హెలికాప్టర్ కూలి నలుగురు, 2001 చివర్లో మంచుచరియ కింద ఇద్దరు, సాయానికి వెళ్లినవారే వెనక్కి రాలేదు. అర్ధరాత్రి ఫోన్ మోగితే బూట్లు వెతుక్కునే మనిషిని వారించని ఆ ఇళ్లవాళ్లకు కూడా ఈ పూట ప్రత్యేకంగా నమస్కారం.

క్రాకోవ్‌లోనో వార్సాలోనో చదువుకుంటున్న మన పిల్లలకు సెలవొస్తే జకోపానే గుర్తొస్తుంది. వెళ్లండి, ఫొటోలు దిగండి. దానికి ముందు ఫోన్‌లో 601 100 300 అని దాచుకోండి, అది టోప్ర్ నంబరు. ఆ రోజు మంచుచరియల హెచ్చరిక ఏ స్థాయిలో ఉందో చూసుకోండి. పుట్టినరోజు కానుకగా వాళ్లకు ఒక పిలుపు తగ్గించండి.