సంధికర్త హెన్రీ క్లే

రాజ్యవ్యవహారములందు మితవాదిగా జీవించుట సులభము కాదు. ఉభయపక్షములవారును అతడు తమవాడు కాడని శంకింతురు. విపత్తు దాపురించినపుడు మాత్రము ఉభయులును అతని వాకిటనే నిలుతురు. అమెరికా సంయుక్తరాష్ట్రముల సెనేటులో ఇట్టి స్థితిని చిరకాలము అనుభవించినవాడు హెన్రీ క్లే. రాజ్యము చీలిపోవునేమో యను భయము కలిగిన మూడు సమయములందు సంధి కుదిర్చినవాడను కీర్తి ఆయనకు దక్కినది. ఆ సంధులకు వెల చెల్లించినవారెవరను ప్రశ్నయు ఆ కీర్తిని నేటికిని విడువకున్నది.

క్లే 1777 ఏప్రిల్ 12వ తేదీన వర్జీనియా రాష్ట్రమున జన్మించెను. మతబోధకుడైన తండ్రి ఈయన బాల్యమందే గతించెను. బాలుడు రిచ్మండు న్యాయస్థానమున లేఖకుడుగా చేరి, స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసిన జార్జి వైత్ పండితుని యొద్ద ధర్మశాస్త్రము నభ్యసించెను. 1797లో కెంటకీ రాష్ట్రమునకు వలసపోయి, లెక్సింగ్టను పట్టణమున న్యాయవాదియై, అనతికాలముననే ధనమును, ఆష్‌లాండను పేరుగల గొప్ప కమతమును సంపాదించెను. 1799లో ఆ రాష్ట్రపు రాజ్యాంగమును తిరిగి వ్రాయుచుండగా, దాస్యమును క్రమక్రమముగా తొలగింపవలెనని ఈ యువకుడు వాదించెను. ప్రజలు చెవియొగ్గలేదు. వాదించిన క్లేయు తన పొలములను బానిసలచేతనే సేద్యము చేయించుకొనుచు వచ్చెను. ఈ వైరుధ్యము ఆయన జీవితమంతటను కానవచ్చును.

1806లో సెనేటున ప్రవేశించునాటికి ఆయనకు రాజ్యాంగము విధించిన ముప్పదియేండ్ల వయస్సు నిండలేదు, ఎవ్వరును ఆక్షేపింపలేదు. 1811లో ప్రతినిధిసభయందు ప్రవేశించి, ఆ దినముననే అధ్యక్షపీఠము నలంకరించెను. 1812లో ఇంగ్లండుతో యుద్ధము చేయవలెనని పట్టుబట్టినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆ యుద్ధమును ముగించుటకు 1814లో ఘెంటు నగరమున సంధిపత్రముపై చేవ్రాలు చేసిన రాయబారులలోను ఆయన యొకడు. కోరిన యుద్ధము కోరిన ఫలము నీయదని స్వయముగా చూచిన పిమ్మట ఆయన బుద్ధి సంధివైపునకే మరలెను.

ఆయన ఆర్థికవిధానమునకు అమెరికా పద్ధతియని పేరు. విదేశీ సరకులపై సుంకము విధించి స్వదేశపరిశ్రమలను కాపాడుట, జాతీయబ్యాంకు ద్వారా నాణెమునకు స్థిరత్వము కలిగించుట, ప్రభుత్వధనముతో బాటలు, కాలువలు నిర్మించుట అందలి మూడంగములు. స్వదేశమున కర్మాగారములు పెరిగినచో రైతు పండించిన ధాన్యమునకు స్వదేశముననే గిరాకి కలుగునని ఆయన తలంపు. దక్షిణరాష్ట్రముల ప్రత్తిభూస్వాములకు ఇది రుచింపలేదు. వారు ప్రత్తిని ఇంగ్లండునకు అమ్మి, సరకులను అచ్చటనుండియే కొనువారు. సుంకము వారికి భారమయ్యెను.

మొదటి సంధి 1820 నాటిది. బానిసలుగల రాష్ట్రములు పదునొకండు, లేనివి పదునొకండు సరితూగి యుండగా, మిస్సోరి దాస్యముతోడ చేరగోరెను. మిస్సోరిని అట్లే చేర్చుకొని, మెయిన్ ప్రాంతమును స్వేచ్ఛారాష్ట్రముగా చేర్చి, లూసియానా భూభాగమున 36 డిగ్రీల 30 నిమిషముల రేఖకు ఉత్తరమున మిస్సోరి దక్క మరెచ్చటను దాస్యము ఉండరాదని నిర్ణయించిరి. ఆ రేఖ క్లే కల్పించినది కాదు. ప్రతినిధిసభలో దానిని గట్టెక్కించినది ఆయన నేర్పు. రెండవది 1833 నాటిది. సుంకపు చట్టము తమయెడ చెల్లదని దక్షిణ కెరొలీనా ప్రకటింపగా, అధ్యక్షుడు జాక్సను సైన్యబలమును ప్రయోగింప సిద్ధమయ్యెను. క్లే తాను పెంచి పోషించిన సుంకములనే 1842 నాటికి క్రమముగా తగ్గించు చట్టమును తెచ్చి ఉభయులను శాంతింపజేసెను.

దేశాధ్యక్షపదవికి 1824, 1832, 1844 సంవత్సరములలో పోటీచేసి మూడు పర్యాయములును ఓడెను. తొలి ఎన్నికలో ఎవ్వరికిని ఆధిక్యము రాకపోగా, జాన్ క్విన్సీ ఆడమ్సును బలపరచి, అతని ప్రభుత్వమున విదేశాంగకార్యదర్శి యయ్యెను; పదవికై బేరమాడెనను అపవాదు ఆయనను జీవితాంతము వెంటాడెను. 1844లో టెక్సాసును కలుపుకొను విషయమున ఉత్తరులను, దక్షిణులను ఏకకాలమున మెప్పింపజూచి ఇరువురి విశ్వాసమును పోగొట్టుకొనెను. దాస్యవిరోధులు కొందరు వేరుపక్షమునకు ఓటిడగా, న్యూయార్కు రాష్ట్రము సుమారు ఐదువేల ఓట్లతో చేజారెను. దానితో పదవియు చేజారెను. తరువాత వచ్చిన మెక్సికో యుద్ధమున, 1847లో, ఆయన పుత్రుడు హతుడయ్యెను.

ఆ యుద్ధమున గెలిచిన భూములే మూడవ కలహమునకు కారణమయ్యెను. డెబ్బదిరెండేండ్ల వృద్ధుడు తిరిగి సెనేటునకు వచ్చి, 1850 జనవరి 29వ తేదీన తన ప్రతిపాదనలను ప్రవేశపెట్టెను. అన్నింటిని ఒక్కటిగా కూర్చిన బిల్లు జూలైలో భగ్నమయ్యెను. డగ్లసను సెనేటరు వానిని వేర్వేరుగా నెగ్గించెను. కాలిఫోర్నియా స్వేచ్ఛారాష్ట్రమయ్యెను, రాజధానిలో బానిసల వ్యాపారము నిషేధింపబడెను. వానికి మారుగా, పారిపోయిన బానిసలను పట్టియిచ్చు కఠినశాసనము వచ్చెను. పట్టుబడినవానికి జూరీ విచారణ లేదు. వానిని యజమానునికి అప్పగించిన అధికారికి పది డాలర్లు, విడిచిపెట్టినచో ఐదు డాలర్లు ప్రతిఫలము.

ఈ సంధులందు ఉత్తరులు కూర్చుండిరి, దక్షిణులు కూర్చుండిరి. ఎవరి దేహములను గూర్చి బేరము నడచెనో వారికి మాత్రము చోటు లేదు. క్లే యింటనే ఇందుకు దృష్టాంతము కలదు. 1829లో ఆయన వాషింగ్టను విడిచి పోవుచుండగా, షార్లట్ డ్యూపీ యను దాసి తనకును, తన బిడ్డలకును స్వేచ్ఛ కావలెనని న్యాయస్థానమున ఆయనపై వ్యాజ్యము వేసెను. ఆమె యోడిపోయెను, తిరిగి రాననగా క్లే ఆమెను బంధింపజేసెను. 1840లోగాని ఆమెకు విముక్తి నొసగలేదు. దాస్యము అనర్థమని నమ్మిన ఆయన, విముక్తులైన నల్లవారిని ఆఫ్రికాకు పంపవలెనను సంఘమునకు 1836 నుండి అధ్యక్షుడుగా నుండెను. సమాన పౌరులుగా వారితో కలిసి బ్రదుకవచ్చునను భావము ఆయన రాజనీతిలో పుట్టలేదు.

1852 జూన్ 29వ తేదీన క్లే వాషింగ్టనులో దివంగతుడయ్యెను. శాసనసభామందిరపు మధ్యశాలలో ప్రజాదర్శనార్థము ఉంచబడిన తొలి భౌతికకాయము ఆయనదే. ఆయనను ఆదర్శముగా భావించిన అబ్రహాం లింకను స్ప్రింగుఫీల్డులో సంస్మరణోపన్యాస మొసగెను. రెండేండ్లకే, 1854లో, మిస్సోరి రేఖ రద్దయ్యెను. 1861లో అంతర్యుద్ధము పుట్టి ఆరులక్షలకు పైబడిన ప్రాణములను బలిగొనెను. 1865లో దాస్యము రాజ్యాంగమునుండియే తుడిచివేయబడెను.

సంధులవలన లభించిన వ్యవధిలో ఉత్తరరాష్ట్రములు జనమునందును, పరిశ్రమలందును బలపడినవి. ఆ బలముననే సమైక్యము నిలిచినది. ఇది క్లే పక్షమున చెప్పదగిన మాట. ఆ వ్యవధిలోనే ఒక తరము బానిసత్వమునందు పుట్టి బానిసత్వమునందే గిట్టినది. ఇదియు ఆయన లెక్కలోనే వ్రాయవలెను. ఇరువురు కలహించునపుడు సంధి చేయుట ఉత్తమకార్యము. ఆ సంధికి మూడవవాడు వెల చెల్లించుచున్నాడేమో విచారించుట సంధికర్త మొదటి ధర్మము. దేశభక్తియు, వాక్చాతుర్యమును, ఓర్పును సమృద్ధిగా గల హెన్రీ క్లే ఆ యొక్క విచారణను మాత్రము తుదివరకును వాయిదావేయుచునే వచ్చెను.