రాజుగారి వేట మడుగు, సలీం అలీ

పుదుచ్చేరి శివారులో పిళ్ళైచావడిని ఆనుకుని ఉన్న కాలాపట్టులో విశ్వవిద్యాలయం ఉంది. అందులో పర్యావరణ శాస్త్రాలు బోధించే విభాగానికి సలీం అలీ పేరు పెట్టారు. పక్షుల మనిషిగా దేశమంతా ఎరిగిన ఆయన జీవితంలో అన్నిటికన్నా చిక్కైన అధ్యాయం మాత్రం రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో నడిచింది.

1896లో బొంబాయిలో పుట్టిన సలీం అలీ చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని మేనమామ ఇంట పెరిగారు. ఎయిర్‌గన్‌తో తాను కొట్టిన పసుపు గొంతు పిచ్చుక ఏ జాతిదో తెలుసుకుందామని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కారు. చివరికి ఆ సంస్థే ఆయన లోకమైంది. బర్మాలో వ్యాపారం కలిసిరాలేదు. బెర్లిన్‌లో శిక్షణ పొంది తిరిగొస్తే ఇక్కడ ఉద్యోగం లేదు. ఖర్చులు భరిస్తే చాలు, జీతం వద్దన్న షరతుతో 1931లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వేకు దిగారు.

భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ ఘనా సహజ సరస్సేమీ కాదు. పల్లపు నేలలోకి అజాన్ బంధ్ నుంచి నీళ్లు మళ్లించి, గట్లు పోసి, తూములు పెట్టి, బాతుల వేట కోసం రాజకుటుంబం తయారు చేసుకున్న సొంత జాగా. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులు నేలకూలాయి. విడ్డూరమే గానీ, మడుగు ఎండకుండా నిలిచింది ఆ వేట సరదా వల్లే.

స్వాతంత్ర్యం వచ్చాక, నీళ్లు తోడేసి భూమి సాగుకు పంచాలన్న ఒత్తిడి మొదలైంది. తిండిగింజల కొరత రోజుల్లో అది అన్యాయమైన కోరికేమీ కాదు. సలీం అలీ నెహ్రూ దాకా వెళ్లి దాన్ని ఆపించారు. 1956లో అది పక్షుల అభయారణ్యమైంది. రాజావారి వేట హక్కు మాత్రం 1972 వరకూ సాగింది!

అసలు చిక్కు తర్వాత వచ్చింది. 1982 నవంబరులో పశువుల మేతను నిషేధించారు. సలీం అలీ కూడా ఆ నిషేధాన్ని సమర్థించారు. తరతరాలుగా గేదెలు తోలుకొచ్చిన ఊళ్లవాళ్లు ఎదురు తిరిగారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. గేదెలు పోయాక పాస్పాలం అనే గడ్డి నీటి మీద అల్లుకుపోయింది. లోతు తక్కువ నీళ్లలో తల ముంచి మేత వెతుక్కునే బాతులకు చోటు కరువైంది. మేత ఆపడం పక్షులకు మేలు చేయలేదని, గేదెలే ఆ గడ్డిని అదుపులో ఉంచాయని సొసైటీ శాస్త్రవేత్తలే పదేళ్ల పరిశీలన తర్వాత 1991లో తేల్చారు.

ఆ నివేదికను సలీం అలీ చూడలేదు. 1987 జూన్ 20న కన్నుమూశారు. నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది; గడ్డి కోసి మోసుకెళ్లడానికి ఊళ్లవాళ్లకు అనుమతి ఇచ్చారు.