సాల్జ్‌బర్గ్ వదులుకున్న బిడ్డ

సాల్జ్‌బర్గ్ అనగానే మనకు మోజార్ట్ గుర్తుకు వస్తాడు. 1756 జనవరి 27న గెట్రైడెగాస్సె వీధిలో పుట్టాడు. నేడు ఆస్ట్రియాలో ఉన్న ఆ నగరాన్ని ఆనాడు ఆర్చిబిషప్పులే ఏలేవారు. తండ్రి లియోపోల్డ్ వారి ఆస్థాన విద్వాంసుడు. ఆరేళ్ళ కొడుకునూ, కూతురు నానెర్ల్‌నూ వెంటబెట్టుకొని రాజాస్థానాలు తిప్పాడు.

పెద్దయ్యాక మోజార్ట్ అదే కొలువులో చేరాడు. ప్రభువు కొలొరెడోకు సంగీతకారుడంటే మరో నౌకరే. 1781లో వియన్నాకు పిలిపించి వంటవాళ్ళ బంతిలో కూర్చోబెట్టారు! సెలవిమ్మని అడిగితే ఆస్థానాధికారి కాలితో తన్ని పంపాడు. 1783లో భార్యను చూపించడానికి చుట్టపుచూపుగా సొంత ఊరు వచ్చాడు, అంతే. అలాంటి రాక మన పెద్దలకూ తెలిసిందే.

1791లో వియన్నాలోనే, ముప్పై అయిదేళ్ళకే కన్నుమూశాడు. సమాధి చోటు ఎవరూ గుర్తుంచుకోలేదు. సాల్జ్‌బర్గ్‌లో విగ్రహం నిలిపింది 1842లో. కొడుకులిద్దరూ వచ్చారు, భార్య కొన్‌స్టాంజె ఆరు నెలల ముందే, ఆ ఊళ్ళోనే పోయింది.