కొర్నీలియా

ప్రాచీన రోమను గృహంలో తండ్రియే సర్వాధికారి. బిడ్డల వివాహం, ఆస్తి, తుదకు ప్రాణం సైతం చట్టరీత్యా ఆయన అధీనంలో ఉండేవి. కుమారుడు ఎంత ఉన్నత పదవి నలంకరించినా తండ్రి జీవించి ఉన్నంతకాలం అతనికి సొంత ఆస్తి లేదు. ఆడపిల్లకు సొంత పేరు కూడ ఉండేది కాదు. వంశనామాన్నే స్త్రీలింగంగా మార్చి పిలిచేవారు. కొర్నీలియస్ వంశంలో క్రీ.పూ. 190 ప్రాంతంలో జన్మించిన ఈమె కొర్నీలియా. ఈమె అక్క పేరూ అదే.

తండ్రి సిపియో ఆఫ్రికానస్, క్రీ.పూ. 202లో జామా యుద్ధంలో హానిబాల్‌ను ఓడించిన మహాసేనాని. ఆయన కుమార్తెలకు ఒక్కొక్కరికి 50 టాలెంట్ల కట్నం నిర్ణయించాడు. ఒక టాలెంటు అంటే సుమారు 26 కిలోల వెండి! తల్లి ఎమీలియా అందులో సగం ముందే చెల్లించింది. ఆమె మరణానంతరం తక్కిన సగాన్ని దత్తమనుమడు సిపియో ఎమిలియానస్ చెల్లించాడు. మూడేళ్ల వాయిదాకు చట్టం అనుమతించినా అతడు ఒక్కమారే ముట్టజెప్పగా, పొరపాటు జరిగిందేమోనని అల్లుళ్లిద్దరూ వెళ్లి విచారించారట. గడువుకు ముందు పైకమిచ్చే అలవాటు రోములో ఎవరికీ లేదు మరి!

భర్త టైబీరియస్ సెంప్రోనియస్ గ్రాకస్ రెండుమార్లు కాన్సల్ పదవి నిర్వహించినవాడు. వయసులో ఆమెకంటె చాలా పెద్ద. వారికి పన్నెండుగురు సంతానం. భర్త మరణించిన పిదప ఈజిప్టు రాజు టాలెమీ ఆమెను వివాహమాడగోరగా నిరాకరించిందని ప్లూటార్క్ వ్రాశాడు. పన్నెండుగురిలో బ్రతికి బట్టకట్టినవారు ముగ్గురే: టైబీరియస్, గేయస్, సెంప్రోనియా. ఆమె తన ఆశలన్నీ వారిపైనే నిలిపింది. మిటిలీన్ నుండి వచ్చిన డయోఫేనస్ వంటి గ్రీకు పండితులను కుమారులకు గురువులుగా నియమించింది. ఆమె లేఖలను చదివిన సిసిరో, ఆ పిల్లల వాక్పటిమకు తల్లి భాషయే మూలమని తలచాడు. నగలు ప్రదర్శించిన ఒక అతిథికి ఆమె బడినుండి వచ్చిన తన బిడ్డలను చూపి, తన ఆభరణాలు వీరేనన్న కథ లోకప్రసిద్ధం.

కుమార్తెను ఎమిలియానస్‌కే ఇచ్చి వివాహం చేసింది. అతడు ఆమె సోదరుని దత్తపుత్రుడు గనుక మన లెక్కలో అది మేనరికమే. కాని ఆ బంధుత్వం ఇంటిని కాపాడలేదు. క్రీ.పూ. 133లో ట్రిబ్యూన్‌గా ఉన్న టైబీరియస్ పేదలకు ప్రభుత్వభూములు పంచే చట్టం తెచ్చాడు. ఆ ఏడే ప్రత్యర్థులు అతనిని కొట్టి చంపి, శవాన్ని టైబర్ నదిలో పడవేశారు. ఆ మూకకు నాయకుడు సిపియో నాసికా, కొర్నీలియా అక్క కుమారుడు! అన్న వరుస అయినవాడే తమ్ముని చంపించాడు. అల్లుడు ఎమిలియానస్ సైతం ఆ హత్యను సమర్థించాడు.

పిమ్మట గేయస్ ట్రిబ్యూన్ అయి, అన్నను ఎదిరించిన ఆక్టేవియస్‌పై ఒక చట్టం తలపెట్టాడు. తల్లి కోరగా దానిని ఉపసంహరించుకొన్నాడు. ఓటు హక్కు లేని స్త్రీ మాటకు ఒక చట్టమే ఆగిపోయిందన్నమాట. క్రీ.పూ. 121లో అతడూ మరణించాడు.

కొర్నీలియా శేషజీవితాన్ని నేపుల్స్ తీరాన మిసీనం గ్రామంలో గడిపింది. ఆమె ఇంట పండితులకు, అతిథులకు కొదువ లేదు. కుమారుల గాథను ఆమె కంటతడి లేకుండ, పూర్వకాలపు వీరుల కథవలె చెప్పేది. దుఃఖంతో మతి చలించిందని కొందరనుకొన్నారు. ప్లూటార్క్ ఆ మాట ఒప్పుకోలేదు.

రోము ప్రజలు ఆమెకు కంచువిగ్రహం ప్రతిష్ఠించారు. విగ్రహం నశించింది, 1878లో దాని పీఠం మాత్రం బయటపడింది. దానిపై ఆమె ఆఫ్రికానస్ కుమార్తెగా, గ్రాకస్ సోదరుల తల్లిగా చెక్కబడి ఉన్నది. భర్త పేరు లేదు.