పి.వి.నరసింహారావు - కంప్యూటరు యుగం

పాములపర్తి వెంకట నరసింహారావు (జూన్ 28, 1921 - డిసెంబర్ 23, 2004) భారతదేశ 9వ ప్రధానమంత్రి. ఈ పదవిని అధిష్ఠించిన మొదటి దక్షిణ భారతీయుడు, ఒకే ఒక్క తెలుగువాడు. పి.వి.గా సుప్రసిద్ధుడైన ఈయన రాజకీయవేత్త, బహుభాషావేత్త, రచయిత, అనువాదకుడు. ఆర్థిక సంస్కరణలకు ఆద్యునిగా ఈయన అందరికీ తెలుసు. అరవై ఏళ్ళు దాటిన తరువాత కంప్యూటరును, దాని నిర్వహణ వ్యవస్థలను, ప్రోగ్రామింగు భాషలను స్వయంకృషితో నేర్చుకున్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. భారతదేశంలో సాఫ్ట్‌వేరు పరిశ్రమ నిలదొక్కుకున్న కాలంలోనే ఈయన ప్రధానిగా ఉన్నాడు. ఆ కాలంలో పార్లమెంటులో ఈయన ప్రాతినిధ్యం వహించిన నియోజకవర్గం నంద్యాల.

బాల్యం, విద్య

నరసింహారావు వరంగల్ జిల్లా నర్సంపేట సమీపంలోని లక్నేపల్లిలో జన్మించాడు. తరువాత వంగర గ్రామానికి చెందిన పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ దంపతులు ఈయనను దత్తత తీసుకున్నారు. అప్పటి నిజాం రాజ్యంలో విద్యార్థులు వందేమాతరం గీతం పాడటంపై నిషేధం ఉండేది. దానిని ధిక్కరించిన కారణంగా ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే అవకాశం కోల్పోయి, నాగపూరు వెళ్ళి అక్కడ న్యాయశాస్త్రం అభ్యసించాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, మహారాష్ట్ర ప్రాంతంలో మరాఠీ, ఆపైన హిందీ, సంస్కృతం, ఆంగ్లం - ఇలా ఒక్కొక్క భాషను చేర్చుకుంటూ పదికి పైగా భాషలలో ప్రవేశం సంపాదించాడు. పెద్ద వయసులో స్పానిష్ కూడా నేర్చుకున్నాడు.

విశ్వనాథ సత్యనారాయణ నవల వేయిపడగలును సహస్రఫణ్ పేరుతో హిందీలోకి, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను అబల జీవితం పేరుతో తెలుగులోకి అనువదించాడు. వరంగల్ నుండి వెలువడిన కాకతీయ పత్రికలో బంధువు పాములపర్తి సదాశివరావుతో కలిసి జయ-విజయ అనే కలంపేరుతో రచనలు చేశాడు.

రాష్ట్ర రాజకీయాలు, విద్యారంగం

1957 నుండి 1977 వరకు మంథని నియోజకవర్గం నుండి శాసనసభ్యునిగా ఉన్నాడు. 1971 సెప్టెంబర్ 30న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. భూసంస్కరణల అమలుకు పూనుకోవడం, ముల్కీ నిబంధనల వివాదం, దానిని అనుసరించి వచ్చిన జై ఆంధ్ర ఉద్యమం ఈయన పదవీకాలంలోని ముఖ్య ఘట్టాలు. 1973 జనవరిలో ఆ పదవి ముగిసింది. నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల 1971లో ఈయన హయాంలోనే ప్రారంభమైంది.

1977లో హనుమకొండ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1984, 1989లలో మహారాష్ట్రలోని రాంటెక్ నుండి గెలిచాడు. ఇందిరా గాంధీ, రాజీవ్ గాంధీ మంత్రివర్గాలలో విదేశాంగం, హోం, రక్షణ శాఖలు నిర్వహించాడు. 1985లో కొత్తగా ఏర్పడిన మానవ వనరుల అభివృద్ధి శాఖకు మొదటి మంత్రి ఈయనే. 1986 నాటి జాతీయ విద్యావిధానం, గ్రామీణ ప్రాంతాల ప్రతిభావంతులైన పిల్లల కోసం స్థాపించిన నవోదయ విద్యాలయాలు ఈ కాలానివి. ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లను అందించిన క్లాస్ పథకం అంతకు కొద్దికాలం ముందే, 1984లో మొదలయింది. అంటే పిల్లలకు కంప్యూటరును పరిచయం చేస్తున్న రోజులలో దేశ విద్యావ్యవహారాలు చూసిన మంత్రి ఈయన.

కంప్యూటరు అభ్యాసం

1980ల మధ్యలో కంప్యూటర్లు ఉద్యోగాలను హరిస్తాయనే భయం దేశంలో బలంగా ఉండేది. బ్యాంకు, బీమా ఉద్యోగుల సంఘాలు వాటిని వ్యతిరేకించాయి. రాజీవ్ గాంధీ మాత్రం కంప్యూటర్ల దిగుమతి పట్ల ఎంతో ఆసక్తి చూపాడు. పార్టీలోని పాత తరం నాయకులకు ఈ విషయాలు అర్థం కావని ఆయన ఒక మిత్రునితో అనడం నరసింహారావు చెవిన పడిందని, అదే ఈయన అభ్యాసానికి కారణమైందని 2016లో వెలువడిన జీవితచరిత్రలో వినయ్ సీతాపతి వ్రాశాడు. ఆ కథనం ప్రకారం, నరసింహారావు హైదరాబాదులో కంప్యూటర్ల తయారీ రంగంలో ఉన్న తన కుమారునికి ఫోను చేసి, ఒక యంత్రాన్ని ఢిల్లీకి తెప్పించుకున్నాడు. నేర్పడానికి వచ్చిన శిక్షకుని పద్ధతి నచ్చక అతనిని పంపివేసి, పుస్తకాలు ముందు పెట్టుకొని ప్రతి ఉదయం తానే సాధన చేశాడు. కొన్ని నెలలలోనే యంత్రం పట్టుబడింది.

ఆనాటి కంప్యూటరు నేటి కంప్యూటరు వంటిది కాదు. బొమ్మల మీద మౌస్‌తో నొక్కే పద్ధతి అప్పటికి భారతీయ కార్యాలయాలలోకి రాలేదు. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ మొదటి కూర్పును 1985 నవంబర్‌లో విడుదల చేసినా, అది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది 1990లో మూడవ కూర్పు వెలువడిన తరువాతనే. అంతవరకు నల్లని తెరపై ఆదేశాలను అక్షరం పొల్లుపోకుండా టైపు చేయవలసి వచ్చేది. ఆదేశాలన్నీ కంఠస్థం కానిదే పని జరిగేది కాదు.

నరసింహారావు నేర్చుకున్నవాటిలో బేసిక్, కోబాల్ భాషలు, యూనిక్స్ నిర్వహణ వ్యవస్థ ఉన్నాయి. బేసిక్ 1964లో విద్యార్థుల కోసం రూపొందిన సులభమైన భాష. కోబాల్ 1959లో రూపకల్పన మొదలైన, జమాఖర్చులు, జీతాల పట్టికల వంటి కార్యాలయ లెక్కలకు ఉద్దేశించిన భాష. యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆరంభమైంది. ఒకే యంత్రంపై పలువురు ఏకకాలంలో పనిచేయగలగడం, చిన్న చిన్న ఉపకరణాలను గొలుసుగా కలిపి పెద్ద పని చేయించుకోగలగడం దాని ప్రత్యేకతలు. 1980ల చివరలో భారతీయ బ్యాంకుల కంప్యూటరీకరణ మొదలైనప్పుడు యూనిక్స్ ఆధారిత యంత్రాలు విరివిగా వాడారు. ఈ విధంగా ఈయన నేర్చుకున్నవి కాలక్షేపపు విద్యలు కావు. దేశంలో కార్యాలయాలు, బ్యాంకులు అప్పుడప్పుడే స్వీకరిస్తున్న సాధనాలే.

నంద్యాల, ఆళ్ళగడ్డ

గుండె శస్త్రచికిత్స అనంతరం 1991 సార్వత్రిక ఎన్నికలలో నరసింహారావు పోటీ చేయలేదు. రాజకీయాల నుండి విరమించుకొనే ప్రయత్నంలో ఉండగా మే 21న రాజీవ్ గాంధీ హత్యకు గురయ్యాడు. జూన్ 21న నరసింహారావు ప్రధానిగా ప్రమాణ స్వీకారం చేశాడు. పార్లమెంటు సభ్యుడు కాని మంత్రి ఆరు నెలలలోగా ఏదో ఒక సభకు ఎన్నిక కావాలని రాజ్యాంగం నిర్దేశిస్తున్నది. అప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న నంద్యాల స్థానం నుండి కొద్ది నెలల క్రితమే గెలిచిన ఆళ్ళగడ్డ ప్రాంత నాయకుడు గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి చోటు కల్పించాడు.

తెలుగువాడు ప్రధాని అయినందున తెలుగుదేశం పార్టీ అధినేత ఎన్.టి.రామారావు అభ్యర్థిని నిలపలేదు. 1991 నవంబర్‌లో జరిగిన ఉప ఎన్నికలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్‌పై నరసింహారావు సుమారు 5.8 లక్షల ఓట్ల ఆధిక్యతతో గెలిచాడు. అప్పటివరకు లోక్‌సభ ఎన్నికలలో అదే అత్యధికం. 1996లో ఇదే స్థానంలో ఆళ్ళగడ్డకు చెందిన తెలుగుదేశం అభ్యర్థి భూమా నాగిరెడ్డి గట్టి పోటీ ఇచ్చాడు. నరసింహారావు గెలిచినా ఆధిక్యత బాగా తగ్గింది. ఒరిస్సాలోని బరంపురం నుండి కూడా గెలిచిన ఈయన ఆ స్థానాన్ని ఉంచుకొని నంద్యాలను వదులుకున్నాడు. తరువాతి ఉప ఎన్నికలో నాగిరెడ్డి గెలిచాడు. నంద్యాల 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక జిల్లా కేంద్రమైంది. ఆళ్ళగడ్డ ఆ జిల్లాలోనే ఉన్నది.

ప్రధానిగా - సాఫ్ట్‌వేరు రంగం

1991 నాటికి దేశంలో విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితిలో ఉంది. జూలై మొదటి వారంలో రూపాయి విలువను తగ్గించారు. జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ బడ్జెట్ ఒకే రోజున వెలువడ్డాయి. పరిశ్రమల శాఖ ప్రధాని వద్దనే ఉండేది. సాఫ్ట్‌వేరు సంస్థలకు ఈ మార్పులు పలు విధాలుగా ఉపకరించాయి.

* సాఫ్ట్‌వేరు ఎగుమతుల లాభాలకు ఆదాయపు పన్ను మినహాయింపు 1991 బడ్జెట్‌తో లభించింది.
* వాటాల ధరను ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి 1992లో రద్దయింది. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ 1992లో, బెంగుళూరుకు చెందిన ఇన్ఫోసిస్ 1993లో ప్రజలకు వాటాలు విక్రయించి పెట్టుబడి సమకూర్చుకున్నాయి.
* 1978లో దేశం విడిచి వెళ్ళిన ఐబీఎం 1992లో టాటా సంస్థతో కలిసి తిరిగి వచ్చింది.
* 1992లో బయటపడిన హర్షద్ మెహతా కుంభకోణం కాగితాలపై నడిచే లావాదేవీల లోపాలను చూపింది. 1994లో జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజి కంప్యూటరు తెరలపై వ్యాపారం ప్రారంభించింది.
* 1994లో జాతీయ టెలికం విధానం వచ్చింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చింది.

ఇంటర్నెట్ వచ్చిన తొమ్మిది రోజులకే, ఆగస్టు 24న విండోస్ 95 విడుదలయింది. దానితో కంప్యూటరు వాడకం నిపుణుల చేతి నుండి సామాన్యుల చేతికి రావడం వేగవంతమైంది. అదే సంవత్సరం నంద్యాలలో రాజీవ్ గాంధీ స్మారక ఇంజనీరింగు కళాశాల ఏర్పడింది.

విమర్శలు, అంచనా

సాఫ్ట్‌వేరు రంగ విజయాన్ని నరసింహారావు ఒక్కనికే ఆపాదించడం చరిత్రకు న్యాయం కాదు. 1984 నాటి కంప్యూటరు విధానం, 1986 నాటి సాఫ్ట్‌వేరు విధానం రాజీవ్ గాంధీ కాలానివి. ఉపగ్రహ సంబంధాల ద్వారా సాఫ్ట్‌వేరు ఎగుమతికి దారి చూపిన భారత సాఫ్ట్‌వేరు టెక్నాలజీ పార్కుల సంస్థ 1991 జూన్ 5న, అంటే ఈయన ప్రమాణ స్వీకారానికి 16 రోజుల ముందే నమోదయింది. హైదరాబాదులో హైటెక్ సిటీ ప్రారంభం, మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం ఏర్పాటు 1998లో, ఈయన పదవి నుండి దిగిన రెండేళ్ళకు జరిగాయి. ముందువారు నాటిన మొక్కకు అడ్డుగా ఉన్న లైసెన్సుల కంచెను తొలగించడం, అల్పసంఖ్యాక ప్రభుత్వంతో అయిదేళ్ళు ఆ విధానాన్ని నిలబెట్టడం ఈయన వంతు.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేతను నివారించలేకపోవడం ఈయనపై వచ్చిన అతి తీవ్రమైన విమర్శ. పార్లమెంటు సభ్యులకు లంచాల కేసులో 2000లో దోషిగా తేలి, 2002లో ఉన్నత న్యాయస్థానంలో నిర్దోషిగా విడుదలయ్యాడు.

చివరి దశ

పదవి నుండి దిగిన తరువాత తన నవల ది ఇన్‌సైడర్‌ను కంప్యూటరుపై స్వయంగా టైపు చేశాడు. అది 1998లో వెలువడింది. దానికి కల్లూరి భాస్కరం చేసిన తెలుగు అనువాదం లోపలి మనిషి.

తెలుగు లిపి కంప్యూటరులోకి ప్రవేశించిన కాలం కూడా ఈయన జీవితంతో కలిసి నడిచింది. భారతీయ లిపుల సంకేత ప్రమాణం ఇస్కీ, తెలుగుకు స్థానం కల్పించిన యూనికోడ్ మొదటి కూర్పు రెండూ 1991లోనే వచ్చాయి. గౌతమి ఖతితో విండోస్ ఎక్స్‌పీ 2001లో వెలువడింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో ప్రారంభమైంది. ఆ తరువాత ఏడాదికి, 2004 డిసెంబర్ 23న నరసింహారావు ఢిల్లీలో మరణించాడు. పార్థివదేహాన్ని హైదరాబాదుకు తరలించి హుస్సేన్ సాగర్ తీరాన అంత్యక్రియలు జరిపారు. ఆ స్థలం జ్ఞానభూమిగా ప్రసిద్ధమైంది. 2024లో భారత ప్రభుత్వం మరణానంతరం భారతరత్న పురస్కారం ప్రకటించింది.

లక్నేపల్లిలో పుట్టి, పలకా బలపంతో చదువు మొదలుపెట్టిన తరానికి చెందిన ఈయన, తన పదవికి అవసరం లేకపోయినా 65 ఏళ్ళ ప్రాయంలో యూనిక్స్ ఆదేశాలను సాధన చేశాడు. వయసు మీరినవారికి, పల్లె చదువులు చదివినవారికి కంప్యూటరు అందదనే అభిప్రాయానికి ఈయన జీవితం బలమైన సమాధానం.