కొండలన్నీ ఎక్కాడు... దోమకు చిక్కాడు

జ్వరమని వెళ్తే డాక్టరు అడిగే ప్రశ్నల్లో ఒకటుంటుంది... ఈ మధ్య ఊరేమైనా వెళ్లొచ్చారా అని. చాలామందిమి సరిగా ఆలోచించకుండానే లేదని తలూపేస్తాం. ఈసారి ఆ ప్రశ్న ఎదురైనప్పుడు ఫౌస్తో కొప్పిని గుర్తు చేసుకోండి.

కొప్పి ఇటలీ సైకిల్ వీరుడు. 1919లో కాస్తెల్లానియా అనే కొండపల్లెలో పుట్టాడు. చిన్నప్పుడు ఆరోగ్యం అంతంతమాత్రమే. పదమూడేళ్లకే బడి మానేసి మాంసం దుకాణంలో పనికి కుదిరాడు. సైకిల్ మీద ఇంటింటికీ సరుకు చేరవేయడమే అతని మొదటి సాధన. కవన్నా అనే మసాజ్ నిపుణుడు అతన్ని తీర్చిదిద్దాడు. ఆయనకు చూపు లేదు. 1940లో, ఇరవయ్యేళ్ల వయసులోనే, కొప్పి మూడు వారాలు సాగే ‘జిరో ద ఇటాలియా’ పోటీ గెలిచాడు. తర్వాత యుద్ధం వచ్చింది. ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ సేనలకు ఖైదీగా చిక్కాడు.

ఇలాంటి పోటీల్లో గెలుపోటములు తేలేది ఎక్కువగా కొండల మీదే. మైదానంలో ముందువాడి వెనక నక్కి ఎదురుగాలి తప్పించుకోవచ్చు. ఏటవాలు మొదలైందా, వేగం పడిపోతుంది, ఆ చాటు పెద్దగా అక్కరకు రాదు. ఒంటి బరువును పైకి లాగాల్సింది మీ కాళ్లు, గుండె, ఊపిరితిత్తులే. మేడమెట్లు గబగబా ఎక్కితే వచ్చే ఆయాసం మీకు తెలుసు కదా, అది గంటల తరబడి ఆగకుండా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

1949 జూన్ 10న జిరోలో కునేయో నుంచి పినెరోలో దాకా 254 కిలోమీటర్ల దశ. దారిలో మద్దలేనా, వార్, ఇజోార్, మాంజెనెవ్ర్, సెస్త్రియెరె అనే ఐదు ఆల్ప్స్ కనుమలు. మొదటి కనుమ మీదే కొప్పి అందరినీ వదిలేసి ముందుకు వెళ్లిపోయాడు. మిగతా 192 కిలోమీటర్లూ ఒంటరిగానే తొక్కాడు. రెండో స్థానంలో వచ్చిన చిరకాల ప్రత్యర్థి బర్తాలి గమ్యం చేరింది 11 నిమిషాల 52 సెకన్ల తర్వాత! అదే ఏడాది టూర్ డి ఫ్రాన్స్ కూడా గెలిచాడు. ఒకే సంవత్సరంలో రెండూ గెలిచిన తొలి రైడర్ అతనే.

1951లో తమ్ముడు సెర్సె ఒక పోటీలో కిందపడ్డాడు. తలకు దెబ్బ. లేచి మామూలుగానే హోటల్‌కు చేరాడు. తర్వాత మెదడులో రక్తస్రావమై చనిపోయాడు. పైకి బాగానే ఉన్నాడు కదా అని తలదెబ్బను తేలిగ్గా తీసుకోవద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఆ దుఃఖం నుంచి తేరుకుని 1952లో కొప్పి మళ్లీ టూర్ గెలిచాడు. ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద ముగిసిన మొట్టమొదటి దశ కూడా అతనిదే. ఆ రోజుల్లో చాలామందిలాగే ఉత్తేజక మందులు వాడేవాడు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. అందులో మాత్రం అతన్ని అనుసరించకండి.

1959 డిసెంబరులో కొందరు ఫ్రెంచి రైడర్లతో కలిసి పశ్చిమ ఆఫ్రికాలోని అప్పర్ వోల్టాకు వెళ్లాడు. ఇప్పటి బుర్కినా ఫాసో అదే. సరదా పోటీ, వేట అయ్యాక ఇంటికొచ్చాడు. కొద్ది రోజులకే తీవ్ర జ్వరం. అతనితో ఒకే గదిలో ఉన్న మిత్రుడు జెమినియానీకీ ఫ్రాన్స్‌లో అదే జ్వరం. అక్కడి డాక్టర్లు మలేరియా అని తేల్చి క్వినైన్ ఇచ్చారు. ఇటలీలో మాత్రం ఫ్లూ లాంటిదనుకుని చికిత్స చేశారు. 1960 జనవరి 2న తొర్తోనా ఆసుపత్రిలో కొప్పి కన్నుమూశాడు. నలభై ఏళ్లే.

మలేరియా దోమతో వస్తుందని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో 1897లోనే గుర్తించారు. క్వినైన్ అంతకన్నా పాతది. లేనిదల్లా అనుమానం. చలి, జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఫ్లూలోనూ ఉంటాయి. పైగా దోమ కుట్టిన వారం తర్వాతో, నెలకో జ్వరం వస్తే ప్రయాణం సంగతే మరిచిపోతాం. అందుకే మీరు వెళ్లొచ్చిన ఊళ్లు అడగకపోయినా చెప్పండి. మలేరియా ఉన్న ప్రాంతమైతే రక్తపరీక్ష ఆలస్యం చేయొద్దు. మొదటిసారి ఏమీ కనిపించకపోయినా, అనుమానముంటే మళ్లీ చేయిస్తారు.

జెమినియానీ రోజుల తరబడి స్పృహ లేకుండా ఉండి, కోలుకున్నాడు. 2024లో, 99 ఏళ్ల వయసులో చనిపోయాడు.