అల్కటి పాట ఎన్క బరువైన సదువు

జనం నోట్ల నానే పాట గట్టుడు అల్కటి పని అనుకునేటోళ్లకు నేను హన్స్ ఐస్లర్ ముచ్చట జెప్త. జర్మనీల పుట్టిన ఈ సంగీతకారుడు ఎవలకోసం రాస్తున్నడో మారినప్పుడల్లా ఆయన బాణి మారింది. పని మీద పట్టు మాత్రం ఎన్నడు సడలలే.

1898ల లైప్‌జిగ్‌ల పుట్టిండు. నాయిన తత్వశాస్త్రం రాసే యూదుడు, అమ్మ కటికాయన బిడ్డ. చిన్నగున్నప్పుడే ఇల్లు వియన్నాకు మారింది. మొదటి ప్రపంచ యుద్ధంల సిపాయిగ వోయొచ్చి, 1919ల షోన్‌బెర్గ్ దగ్గర శిష్యునిగ చేరిండు. పైసల్లేని పిలగాడని గురువు ఫీజు దీస్కోలే. పన్నెండు స్వరాలను ఒక వరుసల పేర్చి, ఆ వరుస మీదనే సంగీతమంత కట్టే పద్ధతి షోన్‌బెర్గ్‌ది. ఇనేటోని చెవికి ఓ పట్టాన ఎక్కది, కట్టేటోనికి లెక్క తప్పొద్దు. ఐస్లర్ దాన్ని అడుగుదాక నేర్సిండు.

1925ల బెర్లిన్‌కు వోయిండు. ఆడ కార్ఖానల పనిజేసేటోళ్లు గుంపు పాటల సంఘాలు పెట్టుకున్నరు. కొత్త సంగీతమేమో సదువుకున్న కొద్దిమంది కాడనే తిరుగుతున్నది. ఇదే ముచ్చట మీద 1926ల గురువుతోని చెడింది. ఆ దినాలల్లనే పేపర్ల వచ్చిన పెండ్లి ప్రకటనలసుంటి తునకలకు బాణీలు గట్టిండు.

అటెన్క కవి బ్రెష్ట్‌తోని గలిసి, ఎర్నెస్ట్ బుష్ గొంతుతోని, వీధులల్ల పాడే పాటలు రాసిండు. 1932ల వచ్చిన కూలె వాంపె సిన్మాల సంఘీభావ గీతం గసుంటిదే. జల్ది నోటికొస్తది. గని జర సక్కగ ఇనుర్రి: కవాతు పాటల ఉండే బ్యాండుమేళం సంబురం అండ్ల లేదు. మైనర్ స్వరాల గంభీరం, సోయి తప్పనియ్యని తాళం. ఊగుకుంట కాదు, ఆలోచించుకుంట నడువమన్నట్టుంటది. పన్నెండు స్వరాల లెక్క నేర్సిన చెయ్యే ఈ పాట గట్టిందని నేనంట.

1933ల హిట్లర్ గద్దెనెక్కిండు. ఐస్లర్ పాటలు బంద్ వెట్టిండ్రు, ఆయన దేశాలు పట్టుకొని తిరిగిండు. నాజీల నిర్బంధ శిబిరాల మీద జర్మన్ సింఫనీ మొదలువెట్టినప్పుడు, ఇడిసిపెట్టిన గురువు పద్ధతినే మల్ల పట్టిండు. 1938ల అమెరికా చేరిండు. హాలీవుడ్‌ల ఆయన కట్టిన సిన్మా సంగీతం రెండుసార్లు ఆస్కార్ పోటీల నిలిచింది. వాన మీద తీసిన పాత సిన్మాకు రాసిన సంగీతాన్ని షోన్‌బెర్గ్ డెబ్బై ఏండ్ల పుట్టినదినానికి అంకితమిచ్చిండు. కొట్లాట కొట్లాటే, గురువు గురువే.

1947ల అమెరికా సర్కారు ఆయన్ను కమ్యూనిస్టని విచారించింది. సొంత అక్కనే ఎదురు సాక్ష్యం జెప్పింది. 1948ల ఆ దేశం ఇడువవలసి వచ్చింది. తూర్పు జర్మనీకి వోయి, 1949ల ఆ కొత్త దేశానికి జాతీయగీతం బాణి గట్టిండు. తనోళ్లనుకున్న ఆ రాజ్యం గూడ ఊకోలే. 1953ల ఫాస్ట్ మీద రాసుకున్న ఒపెరా కథను పార్టీ పెద్దలు చీల్చి చెండాడిండ్రు. ఆ ఒపెరా పూర్తిగాలే. జర్మన్ సింఫనీ మొత్తంగ ఇనవడ్డది 1959లనే. 1962ల ఆయన కన్నుమూసిండు.

1970ల కాలంల ఆ జాతీయగీతం మాటలు పాడుడు బందైంది. జర్మనీ ఒక్కటే అనే మాట అండ్ల ఉన్నది, అది సర్కారుకు ఇబ్బందైంది. ఒట్టి బాణి మాత్రం వాయించిండ్రు.

గందుకే ఫోన్ల పాటలు గట్టి పెట్టే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు నేను జెప్పేది ఒక్కటే. జనం పాట కదా, ఏదైతేంది అనకుర్రి. స్వరం, తాళం గట్టిగ నేర్సుర్రి. నేర్సినంక ఎవల కోసం పాడాల్నో మీరే తేల్చుకోండ్రి. ఎవరొద్దన్నా ఆ సదువు మీ ఎంబడే ఉంటది.